మబ్బుల్లో పహాణీ - తాళంచెవి ఎవరిది?

కంప్యూటర్‌కు కులం లేదంటున్నారు. భూమి రికార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కినై, ఇక పట్వారీ లేడు, కరణం లేడు, చెయ్యి తడిపే పని లేదు, దొర గడీ ముందు చేతులు కట్టుకుని నిలబడే పని లేదంటున్నారు. ఈ మాట చెప్పేవాళ్లలో మంత్రులున్నారు, ఆఫీసర్లున్నారు, చదువుకున్న మన పిల్లలు కూడా కొందరున్నారు. ఇనుముకూ కరెంటుకూ కులం లేని మాట నిజమే. కాగితానికీ కలానికీ కూడా ఎన్నడూ కులం లేదు. మరి తరతరాలుగా ఆ కాగితం మీద మన పేరు ఎందుకు ఎక్కలేదు? ఎక్కిన పేరు ఎందుకు మాయమైంది? రాసే హక్కు ఎవరిది, రాసినోడు ఎవరో మనకు తెలుస్తదా, తప్పు రాస్తే అడిగేటోడు ఎవరు? ఈ మూడు ప్రశ్నలు పట్వారీ కాలంలో ఎట్లున్నయో ఇయ్యాల కూడా అట్లనే ఉన్నయి. వాటిని అడగకుండా ‘డిజిటల్’ అనే మాటకు చప్పట్లు కొట్టమంటే మనం కొట్టం.

తెలంగాణలో పట్వారీ, ఆంధ్రలో కరణం. తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత మనవడు. పహాణీ ఆయన ఇంట్లో సందుగలో ఉండేది. భూమి కొలిచే రోజు గొలుసు మోసింది మాత్రం మనవాళ్లే. నీరడి అనండి, సుంకరి అనండి, మస్కూరి అనండి, వెట్టి అనండి, గొలుసు మనోడి భుజం మీద, కలం ఆయన చేతిలో. ఏ గట్టు ఎక్కడుందో, ఏ చింతచెట్టు కాడ హద్దురాయి పాతిపెట్టి ఉందో మనోడికి తెలిసినంత పట్వారీకి తెలియదు. కానీ రాయి ఎక్కడున్నా రాత ఎక్కడుంటే భూమి అక్కడికి పోయింది. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ వంశపారంపర్య పదవులను రద్దు చేసింది. వాళ్లు సుప్రీంకోర్టు దాకా పోయి ఓడిపోయారు. మంచి పని, కాదనం. తర్వాత వీఏఓ వచ్చాడు, వీఆర్వో వచ్చాడు. 2020లో తెలంగాణలో వీఆర్వోను కూడా తీసేశారు.

ఆ రోజుల్లో లెక్క చూసే పద్ధతి లేదనుకోవద్దు. ఉంది. దాని పేరు జమాబందీ. ఏడాదికోసారి గ్రామ లెక్కలన్నీ ముందు పెట్టుకుని పై అధికారులు తనిఖీ చేయాలి. ఇప్పుడు ఇంగ్లీషులో ‘ఆడిట్’ అంటున్నది అదే. ఎట్ల జరిగిందో మన తాతలను అడగండి. రాసేటోడు, చూసేటోడు ఒకే పంక్తిలో కూచుని తిన్నారు. మనోడు బయట గుర్రానికి గడ్డి వేశాడు. చూసేటోడు సంతకం పెట్టి పోయాడు. తనిఖీ జరిగినట్టు రికార్డు ఉంది, మన భూమి జరిగిపోయినట్టు కూడా రికార్డు ఉంది. తనిఖీ అన్న పేరు ఒక్కటే మనల్ని కాపాడదని మనకు తెలిసింది అక్కడే.

ఇప్పుడు సందుగ పోయి మబ్బు వచ్చింది. ‘క్లౌడ్’ అంటే మబ్బు. కేంద్ర ప్రభుత్వం 2014లో తన మబ్బుకు ‘మేఘరాజ్’ అని పేరు కూడా పెట్టుకుంది. పేరు చూసి ఆకాశంలో ఉందనుకోకండి. మబ్బు అంటే ఎక్కడో ఒక బిల్డింగు. లోపల వరుసగా బీరువాల్లాంటి కంప్యూటర్లు, చల్లగాలి మిషన్లు, గేటు కాడ తుపాకీ పట్టుకున్న కాపలా. మండలాఫీసులోని కంప్యూటర్‌లో మీ పహాణీ లేదు. అక్కడున్నది ఒక కిటికీ మాత్రమే. బీరువా ఉన్నది ఆ దూరపు బిల్డింగులో. కిటికీలోంచి చెయ్యి పెట్టి బీరువాలో కాగితం మార్చడానికి కొందరికి అనుమతి ఉంటుంది. ఆ అనుమతినే లాగిన్ అంటారు. పాస్‌వర్డు, వేలిముద్ర, పెన్‌డ్రైవు లాగా ఉండే డిజిటల్ సంతకం తాళం, ఇవన్నీ దానికే.

అనుమతులు రకరకాలు. ఒకడు చూడొచ్చు, మార్చలేడు. ఒకడు మార్చడానికి కాగితం తయారు చేయొచ్చు, ఆమోదించలేడు. ఒకడు ఆమోదించొచ్చు. వీళ్లందరి పైన ఇంకొకడుంటాడు. వాడు మండలాఫీసులో కనిపించడు, జిల్లాలో కనిపించడు. డేటాబేస్‌ను నడిపేవాడు వాడు. వాడికి కిటికీతో పని లేదు, బీరువా గదిలోనే ఉంటాడు. దరఖాస్తు లేకుండా, తహసీల్దారు సంతకం లేకుండా, నేరుగా పేరు మార్చగల శక్తి వాడి చేతిలో ఉంటుంది. మన ఆఫీసుల్లో దీనికొక మాట పుట్టింది, మీరందరూ విన్నదే. ‘మాకు తెల్వదు, బ్యాక్ ఎండ్‌లో అట్ల వచ్చింది.’ బ్యాక్ ఎండ్ అంటే ఆ గది. ఆ గదిలో ఎవరుంటారు? ధరణి 2020 అక్టోబర్ 29న మొదలైంది. 2024 చివరి దాకా దాన్ని నడిపింది ప్రైవేటు కంపెనీ. ఆ తర్వాత కేంద్ర సంస్థ ఎన్‌ఐసీ చేతికి ఇచ్చారు. కోటిన్నర ఎకరాల సాగుభూమి లెక్కలున్న గది తాళంచెవి నాలుగేండ్లు ఒక కంపెనీ దగ్గరుంటే, ఆ చెవి ఏ రాత్రి ఎవరి చేతిలో ఉందో ఒక్క గ్రామసభలో అయినా ఒక్క ఆఫీసరైనా చెప్పాడా?

కంప్యూటర్‌లో ఒక మంచి గుణం ఉంది, పట్వారీ పుస్తకంలో లేనిది. ఎవరు తలుపు తీసినా, ఏ గంటకు తీసినా, ఏ గడిలో ఏముండేది, దాన్ని తీసి ఏం పెట్టాడు, ఏ కంప్యూటర్ నుంచి చేశాడు, అన్నీ దానంతటదే రాసిపెట్టగలదు. దాన్ని ‘లాగ్’ అంటారు. మనం జాడ చిట్టా అందాం. పట్వారీ పాత పేరు మీద కొత్త పేరు దిద్దితే గీకిన గుర్తు కనపడేది. కంప్యూటర్‌లో దిద్దితే తెర మీద గుర్తు ఉండదు, నున్నగా ఉంటుంది. గుర్తు ఉండేది ఆ జాడ చిట్టాలోనే. అంటే మన భూమి పత్రం ఎంత ముఖ్యమో ఈ చిట్టా అంత ముఖ్యం. ఇంకా చెప్పాలంటే పాసు పుస్తకం కంటే ముఖ్యం. పాసు పుస్తకం ఇయ్యాల మీ పేరు ఉందని చెబుతుంది, నిన్న ఉన్న పేరు ఎవరు తీశారో చెప్పదు.

మా మండలంలో ఒక తల్లి ఉంది. మాదిగ కుటుంబం. మామ కాలంలో వచ్చిన లావణి పట్టా, ఎకరం ఇరవై గుంటలు. రాళ్లు ఏరి, కంప కొట్టి, నాగలి కట్టి దాన్ని భూమి చేసింది వాళ్లే. పాత పహాణీలో మామ పేరు ఉంది, తర్వాత మొగడి పేరు ఎక్కింది. 2017లో రికార్డుల ప్రక్షాళన అన్నారు. కొత్త పాసు పుస్తకం రాలేదు. అడిగితే ‘వస్తది’ అన్నారు. ధరణి వచ్చింది. చూస్తే ఆ సర్వే నంబరు ఎదురుగా మొగడి పేరు లేదు. సాగు చేసేటోడి పేరు రాసే అనుభవదారు కాలమ్‌నే ధరణిలో లేకుండా చేశారు కనుక అక్కడా లేడు. 2018 నుంచి వచ్చిన రైతుబంధు ఒక్క పంటకూ ఒక్క పైసా రాలేదు. అది పోనీ. మొగడు చనిపోయాడు, యాభై నిండలేదు. పట్టా పుస్తకం ఉన్న రైతు చనిపోతే రైతుబీమా కింద ఇంటికి అయిదు లక్షలు వస్తాయి. ఈమెకు రాలేదు. ఎందుకంటే మబ్బులో ఆయన రైతు కాడు. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది ఇంటర్ మధ్యలో ఆపింది.

మీసేవకు పోయింది. టీఎం-33 పెట్టమన్నారు, పెట్టింది, డబ్బు కట్టింది. తిరస్కరించారు. మళ్లీ పెట్టింది. ప్రతిసారీ ఆమెను అడిగింది ఒకటే: ‘నీ భూమి అని రుజువు తేవమ్మా.’ మేము పదిమందిమి కలిసి పోయి ఎదురు ప్రశ్న అడిగాము. ఈ పేరు ఉండేది కదా, తీసినోడు ఎవరు, ఏ తేదీన తీశాడు, ఏ కాగితం చూసి తీశాడు, ఆ రుజువు మీరు తేండి అన్నాము. కుర్చీలో ఉన్నాయన కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఆ లాగిన్‌లు అవన్నీ మాకు కనపడవు సార్’ అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదనే నా నమ్మకం. అదే అసలు రోగం. పేరు పోగొట్టుకున్న మనిషి వందసార్లు రుజువు చూపాలి, పేరు తీసేసినోడు ఒక్కసారి కూడా చూపనక్కర్లేదు. మరి కనపడాల్సినోళ్లకే కనపడనప్పుడు ఆ చిట్టా ఎవరికోసం రాస్తున్నారు?

దొంగ బయటినుంచి వస్తాడని మనల్ని భయపెడతారు. హ్యాకర్లు, చైనా, పాకిస్తాన్ అంటారు. 2022 అక్టోబర్ 16న తెలంగాణలో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశారు మన పిల్లలు. భూమి అమ్మి, తల్లి పుస్తెలు కుదువబెట్టి హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గదులు అద్దెకు తీసుకుని చదివిన పిల్లలు. 2023 మార్చి 17న ఆ పరీక్ష రద్దయింది. ప్రశ్నపత్రాలు బయటికి పోయాయి. ఎట్లపోయాయి? పోలీసులు చెప్పిన ప్రకారం కమిషన్‌లో పనిచేసే మనుషులే కాన్ఫిడెన్షియల్ విభాగం కంప్యూటర్ పాస్‌వర్డు సంపాదించి పత్రాలు కాపీ చేసుకున్నారు. ఏ దేశం నుంచీ ఎవడూ రాలేదు. లోపలి మనిషి, లోపలి తాళం. మళ్లీ పరీక్ష పెట్టారు, అదీ రద్దయింది, మూడోసారి 2024 జూన్‌లో పెట్టారు. ఈలోగా ఎంతమందికి వయసు దాటిపోయింది, ఎంతమంది పిల్లలు గది ఖాళీ చేసి ఊరికి వచ్చి ట్రాక్టర్ ఎక్కారు, దానికి లెక్క ఎవరు రాస్తారు?

ఆంధ్రలో చూడండి. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్ ఆఫీసు కాలింది. కాలిన వాటిలో భూముల ఫైళ్లున్నాయి, అమ్మకాలు నిషేధించిన 22-ఏ భూముల ఫైళ్లున్నాయి. ప్రభుత్వం డీజీపీనే హెలికాప్టర్‌లో పంపింది, తర్వాత కేసు సీఐడీకి ఇచ్చింది. కాగితం కాలితే పొగ వస్తుంది, బూడిద మిగులుతుంది, ఊరంతా చూస్తుంది, టీవీలు వస్తాయి. బీరువా గదిలో కూచున్నవాడు ఒక వరుస తుడిచేసి, దానితోపాటు జాడ చిట్టాలో ఆ రాత్రి పేజీ కూడా తుడిచేస్తే ఏ టీవీ వస్తుంది? ఏ డీజీపీ దిగుతాడు?

అందుకే చిట్టా ఉందా అని అడిగి ఊరుకుంటే చాలదు. ఎక్కడుంది, ఎవరి చేతిలో ఉంది అని అడగాలి. రాసేవాడి దగ్గరే చిట్టా ఉంటే అది పట్వారీ సందుగే. ఈ పని తెలిసినవాళ్లు ఎన్నడో చెప్పిన సూత్రాలు కష్టమైనవేం కావు, మన ఊరి చిట్‌ఫండ్ నడిపే అక్కలకు కూడా తెలిసినవే. పెట్టె తాళం ఒకరి దగ్గర, పుస్తకం ఇంకొకరి దగ్గర. మార్చేవాడు ఆమోదించకూడదు. ఆమోదించేవాడు చిట్టా దాచకూడదు. చిట్టాలో కొత్త వరుస చేర్చడమే తప్ప పాతది దిద్దే వీలు ఎవరికీ ఉండకూడదు. ప్రతి పేజీకి వెనుక పేజీతో కుట్టు వేసే లెక్కల పద్ధతి కంప్యూటర్‌లో ఉంది. నడిమధ్య ఒక్క పేజీ చింపినా కుట్టు తెగినట్టు బయటపడుతుంది. ఆఫీసరు బదిలీ అయితే ఆ సాయంత్రానికే అతని లాగిన్ చావాలి. పోయిన తహసీల్దారు పాస్‌వర్డుతో వచ్చిన తహసీల్దారు ఆఫీసు నడిచే కథలు ఏ మండలంలోనైనా వింటాం. మబ్బులో తాళాలు మరీ ఎక్కువ. బిల్డింగు యజమానికి ఒకటి, కంపెనీకి ఒకటి, కంపెనీ పని అప్పగించిన చిన్న కంపెనీకి ఒకటి. ఎవరెవరి దగ్గర ఎన్ని తాళాలున్నాయో మూడు నెలలకోసారి లెక్కబెట్టి, అక్కర్లేనివి తీసేయకపోతే పెళ్లింటి వంటగదే అది, ఎవరు వచ్చారో ఎవరు పోయారో ఎవరికీ తెలియదు.

ఇవన్నీ జరిగే పనులేనా, మాస్టారు ఊహలు చెబుతున్నాడా అనుకునేవాళ్లకు చెబుతున్నాను. పక్కనున్న కర్ణాటకలో ‘భూమి’ అనే కంప్యూటర్ రికార్డు 2001 ప్రాంతంలోనే నడిచింది. అప్పుడే అక్కడ ఆఫీసరు వేలిముద్ర పెడితేనే తెర తెరుచుకునే ఏర్పాటు చేశారు, మార్పు నేను చెయ్యలేదని తర్వాత బొంకకుండా. ఎక్కడో ఎస్తోనియా అనే చిన్న దేశంలో, మన హైదరాబాద్‌లో ఒక మూల జనాభా అంత ఉండదు, తన వివరాలను ఏ ప్రభుత్వ శాఖ ఎప్పుడు చూసిందో అక్కడి మనిషి ఇంట్లో కూచుని చూసుకోగలడు. అంత దూరం ఎందుకు, మీ ఆధార్ ఉంది కదా. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో గత ఆరు నెలల్లో మీ ఆధార్‌ను ఎప్పుడు, ఎవరు సరిచూశారో మీరే చూసుకోవచ్చు. ఆధార్‌కు చేతనైంది అరెకరానికి ఎందుకు చేతకాదు? తెలివి లేక కాదు, డబ్బు లేక కాదు. పేరు బయటపడితే ఎవరి చెయ్యి ఎవరి జేబులో ఉందో కూడా బయటపడుతుంది.

పైగా జాడలు రాయడం ఈ ప్రభుత్వాలకు రాదా? బ్రహ్మాండంగా వచ్చు. మన మీద రాయడం వచ్చు. రేషను బియ్యానికి వేలిముద్ర. ముసలమ్మ వేళ్లు అరిగిపోయి మిషన్‌లో పడకపోతే బియ్యం లేవు. పింఛనుకు ముద్ర. ఉపాధి పనికి పోయిన కూలీలకు 2023 జనవరి నుంచి రోజుకు రెండు ఫొటోలు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే ఆ రోజు కూలి గంగలో పోయినట్టే. మా బడిపంతుళ్లకు ముఖం చూపించి హాజరు, ఆంధ్రలో 2022 నుంచి, తెలంగాణలో 2025 నుంచి. తొమ్మిది గంటల అయిదు నిమిషాలకు పోతే ఆ అయిదు నిమిషాలు పై దాకా కనపడతాయి. నేను దీన్ని తప్పు పట్టడం లేదు, బడికి పోని పంతులు మన పిల్లలకే ద్రోహి. కానీ నా అయిదు నిమిషాలు తెలిసిన ప్రభుత్వానికి, ఆ తల్లి ఎకరం ఇరవై గుంటలు ఏ నిమిషాన పోయిందో తెలియదంటే నమ్మాలా? కిందివాడి జాడ పైవాడికి కనపడాలి, పైవాడి జాడ కిందివాడికి కనపడకూడదు. వాడలో పుట్టినోడికి ఇది కొత్త రూలు కాదు. మనం దొర ఇంటి ముందు చెప్పులు విప్పి నడిస్తే అడుగుజాడ పడేది, దొర గుర్రం మీద పోయేవాడు.

ఇంకో మోసం గమనించండి. ‘అన్నీ ఆన్‌లైన్‌లో పెట్టాం, ఎవరైనా చూసుకోవచ్చు, ఇదే పారదర్శకత’ అంటారు. ఏం చూసుకోవచ్చు? ఏ సర్వే నంబరులో ఏ పేరుందో. అది రియల్ ఎస్టేటు బ్రోకర్‌కు బాగా పనికొస్తుంది. ఏ అసైన్డ్ భూమి రోడ్డు పక్కనుంది, ఏ ముసలాయన పేరు మీద ఉంది, వారసుల పేర్లు ఎక్కనిది ఎక్కడుంది, కారులో కూచుని సెల్లులో చూస్తాడు. 1977 చట్టం అసైన్డ్ భూమి అమ్మకూడదు, కొనకూడదంటుంది. ఆంధ్రలో 2023లో దాన్ని సవరించి, ఇచ్చి 20 ఏండ్లు దాటితే అమ్ముకోవచ్చన్నారు. మరుసటి ఏడాదికల్లా ఆ ఫ్రీహోల్డ్ భూముల్లో అక్రమాలు జరిగాయని కొత్త ప్రభుత్వమే రిజిస్ట్రేషన్లు ఆపింది. ఇటు ధరణిలో, కావాలనుకున్న పట్టాదారు తన వివరాలు ఇతరులకు కనపడకుండా దాచుకునే వీలు పెట్టారు. ఆ వీలు సంగతి తెలిసినవాళ్లు ఎవరు, వాడుకున్నవాళ్లు ఎవరు? మన వాడలో ఒక్కరికైనా తెలుసా? పేదోడి గుంటలు బజారులో, పెద్దోడి ఎకరాలు తెర వెనుక. మనం అడిగేది దీనికి తలకిందులు. నా భూమి వివరాలు లోకమంతా చూడనక్కర్లేదు. నా భూమి వరుసను ముట్టుకున్న ప్రతి చెయ్యి నాకు కనపడాలి.

అడిగితే రెండు జవాబులు వస్తాయి. ఒకటి భద్రత. లాగ్‌లు బయట పెడితే వ్యవస్థకు ముప్పు అంటారు. మేము పాస్‌వర్డు అడగడం లేదయ్యా, పేరు అడుగుతున్నాం. బ్యాంకు పాసు బుక్కులో నా ఖాతా నుంచి ఎప్పుడెంత తీశారో రాసిస్తే బ్యాంకు లాకరు పగిలిపోతుందా? రెండోది వ్యక్తిగత సమాచారం. సమాచార హక్కు చట్టంలో 8(1)(జె) అనే క్లాజు ఉంది. దానిలో ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న మాటలను 2023 డేటా చట్టం ద్వారా ఆ క్లాజు నుంచి తీసేశారు, 2025 నవంబర్‌లో అది అమల్లోకి వచ్చింది. ఇక ఏ ఆఫీసరు పేరు అడిగినా ‘వ్యక్తిగతం’ అనడానికి దారి దొరికింది. సర్కారు కుర్చీలో కూచుని, సర్కారు తాళంతో, నా భూమి రికార్డు మార్చినోడి పేరు వాడి వ్యక్తిగతమెట్లా అవుతుంది? వాడి పెండ్లాం పిల్లల సంగతి మాకెందుకు? అదే చట్టంలో 8(2) ఇంకా ఉంది, నష్టం కంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని. అప్పీలులో ఆ నంబరు రాయడం మరవొద్దు.

2025 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి రోజునే, తెలంగాణ ప్రభుత్వం ధరణి తీసేసి భూభారతి తెచ్చింది. ధరణి చట్టంలో అప్పీలుకు చోటు లేదు, సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. ఇందులో ఆర్డీవో, కలెక్టర్ దగ్గర అప్పీలు పెట్టారు. అది మేలే. ధరణి లావాదేవీల మీద ఫోరెన్సిక్ ఆడిట్ చేయిస్తామని కూడా చెప్పారు. చేయించండి. కానీ ఆ నివేదిక మీరూ మీ ప్రత్యర్థులూ అసెంబ్లీలో ఒకరి మీద ఒకరు విసురుకోవడానికైతే మాకు దానితో పని లేదు. పాత పార్టీ హయాంలో పోయిన భూమి కొత్త పార్టీ హయాంలో వాడకు వచ్చిందా, అదొక్కటే మా కొలత. బాబాసాహెబ్ పుట్టినరోజున పేరు మార్చినంత మాత్రాన బీరువా గదిలో మనిషి మారలేదు.

తనిఖీ ఎట్ల చేయాలో మనకు తెలుసు, మనం చేసి చూపించాం. 1994 డిసెంబర్‌లో రాజస్థాన్ పాలీ జిల్లా కోట్ కిరానా అనే ఊరిలో కూలీలు జన సున్వాయీ పెట్టి పంచాయతీ మస్టర్లు బహిరంగంగా చదివించారు. చచ్చినోళ్ల పేరు మీద, ఊర్లో లేనోళ్ల పేరు మీద కూలి తీసుకున్నట్టు అందరి ముందు బయటపడింది. ఉపాధి హామీ చట్టం వచ్చాక మన ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచి సామాజిక తనిఖీ మొదలైంది, 2009లో దానికి ప్రత్యేక సంస్థ పెట్టారు. అక్కడ మస్టర్లన్నీ కంప్యూటర్‌లోనే ఉండేవి. అయినా తనిఖీ కంప్యూటర్‌లో చేయలేదు. ఆ లెక్కలు కాగితం మీద తీసుకుని, కూలీల ఇండ్లలో పుట్టిన పిల్లలే ఇల్లిల్లూ తిరిగారు. ‘నీకు పన్నెండు రోజుల కూలి ముట్టినట్టుంది అక్కా, ముట్టిందా?’ అని అడిగారు. తర్వాత మండల ప్రజావేదికలో అందరి ముందు చదివారు. ఫీల్డ్ అసిస్టెంటు, పోస్టుమాస్టరు, ఇంజినీరు నిలబడి జవాబు చెప్పారు. పోయిన డబ్బంతా తిరిగి రాలేదు, ఆ సంగతీ మనకు తెలుసు. 2025 డిసెంబర్‌లో ఆ చట్టం తీసేసి ఇంకో చట్టం కూడా తెచ్చారు. కానీ ఆఫీసరు కుర్చీలోంచి లేచి మాల మాదిగ ఆడమనిషికి లెక్క చెప్పడం మన కండ్లతో చూశాం. కూలికి చేసిన పని భూమికి చేయమంటున్నాం. ఏడాదికోసారి గ్రామసభలో, మన వాడలో పెట్టిన గ్రామసభలో, ఆ ఏడాది ఊరి రికార్డులో జరిగిన ప్రతి మార్పు చదవాలి. సర్వే నంబరు, పాత పేరు, కొత్త పేరు, ఎవరు మార్చారు, ఏ కాగితం చూసి మార్చారు. అసైన్డ్, ఇనాం, భూదాన్, సీలింగు భూములు ముందు చదవాలి. 2006లో కోనేరు రంగారావు కమిటీ అసైన్డ్ భూములు ఎట్లా చేతులు మారాయో రాసింది కదా, అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

మన సంఘాల్లోని వాళ్లతో కూడా ఒక మాట. మనలో కొందరు లీడర్లు పట్టా ఇప్పించి, దండ వేయించుకుని, ఫొటో దిగి పోతారు. పట్టా కాగితం ఇంట్లో గోడకు ఉంటుంది, మబ్బులో భూమి ఇంకొకడి పేరు మీద ఉంటుంది. లక్ష్మీపేటలో 2012 జూన్ 12న అయిదుగురు దళితుల ప్రాణాలు పోయింది భూమి దగ్గరే. ఎదురుగా కర్రలతో వచ్చేవాణ్ణి మనం గుర్తుపడతాం, కేసు పెడతాం, రోడ్డెక్కుతాం. ఏసీ గదిలో ఒక మీట నొక్కి అదే పని చేసేవాడికి మన దగ్గర నినాదం లేదు, కరపత్రం లేదు. అది టెక్నికల్ విషయం, మనకెందుకు అంటున్నారు. పట్వారీ రాత కూడా మన తాతలకు టెక్నికల్ విషయమే. అందుకే పోయింది.

ఇంకొక సంగతి. మీసేవలో, మండలాఫీసులో కంప్యూటర్ ముందు కూచున్న పిల్లగాడు చాలా చోట్ల మనోడే. కాంట్రాక్టు ఉద్యోగం, నెలనెలా భయం. ‘నా తాళం నీ దగ్గరే ఉంచు, పని కానీ’ అని సారు డిజిటల్ సంతకం చేతికిచ్చి పోతాడు. ఆ పిల్లగాడు వంద ఫైళ్లు సారు పేరు మీద కొడతాడు. అందులో ఒకటి దొంగ ఫైలని తేలిన రోజు సారుకు బదిలీ, పిల్లగాడికి జైలు. గొలుసు మోసిన తాత మనవడు ఇప్పుడు మౌస్ పట్టుకుని అదే బరువు మోస్తున్నాడు. ఎవరి తాళం వాళ్లే వాడాలి, ఎవరి వేలు వాళ్లే పెట్టాలి అన్న డిమాండు ఆ పిల్లగాడి మెడ కాపాడేది కూడా. తమ్ముళ్లారా, సారు తాళం మీ దగ్గర పెట్టుకోకండి. పెట్టుకోక తప్పకపోతే, ఏ రోజు ఏ గంటకు ఇచ్చాడో ఒక నోటుబుక్కులో రాసుకోండి.

ఇప్పుడు పని. ప్రతి ఊరిలో వాడకు ఇద్దరు చదువుకున్న పిల్లలు ముందుకు రావాలి. అసైన్డ్ భూములున్న ప్రతి ఇంటి పట్టా, పాత పహాణీ, శిస్తు రసీదు, ఏది దొరికితే అది జిరాక్సు తీసి ఊరికొక ఫైలు కట్టండి. తెలంగాణలో వీలైతే 1954-55 ఖాస్రా పహాణీ నకలు అడిగి తీసుకోండి, వాదన వచ్చినప్పుడు అందరూ చూసేది దాన్నే. ఆంధ్రలో పాత అడంగలు, 1-బి. ఇయ్యాల ఆన్‌లైన్‌లో ఏముందో అది కూడా ప్రింటు తీసి, తేదీ వేసి అదే ఫైలులో పెట్టండి. రేపు మారితే ఈరోజు ఉన్నదానికి అదే సాక్ష్యం.

తర్వాత సమాచార హక్కు కింద దరఖాస్తు. తెల్లకాగితం మీద ఇట్లా రాయండి: ‘ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, బై నంబరు రికార్డులో 2017 జనవరి 1 నుంచి ఈ తేదీ వరకు కంప్యూటర్‌లో జరిగిన ప్రతి మార్పు వివరాలు, అంటే తేదీ, సమయం, మార్పుకు ముందున్న వివరం, తర్వాత పెట్టిన వివరం, మార్పు చేసిన లాగిన్ ఏ హోదాది, ఆమోదించిన అధికారి హోదా, ఆధారంగా చూపిన దరఖాస్తు లేదా ఉత్తర్వు నకలు ఇవ్వగలరు. దరఖాస్తు లేకుండా జరిగిన మార్పులు ఉంటే వాటిని విడిగా చూపగలరు.’ చివరి వాక్యం వదలొద్దు, బ్యాక్ ఎండ్ బయటపడేది దానితోనే. మొదట హోదా అడగండి, పేరు అడిగితే వ్యక్తిగతమని తిప్పికొడతారు, హోదా తేదీ దొరికితే ఆ రోజు ఆ కుర్చీలో ఎవరున్నారో ఊరందరికీ తెలుసు. మండలాఫీసులో ఫీజు అయిదు రూపాయలు, జిల్లాలో పది, తెల్లకార్డు ఉన్నవాళ్లకు ఫీజు లేదు, కార్డు జిరాక్సు జతచేయండి. రసీదు లేకుండా కాగితం ఇవ్వొద్దు. 30 రోజుల్లో జవాబు రావాలి. ‘మా దగ్గర లేదు’ అని వస్తే పారెయ్యకండి, అది కూడా జవాబే. ఎవరి దగ్గరుందో వాళ్లకు అయిదు రోజుల్లో పంపే బాధ్యత 6(3) కింద ఆ ఆఫీసుదే, దాన్ని పట్టుకుని 30 రోజుల లోపల మొదటి అప్పీలు వేయండి. ఒక్కొక్కరు పోవద్దు. ఒక మండలంలో ఒకే రోజు, ఒకే కిటికీ దగ్గర, వాడకు పది దరఖాస్తుల చొప్పున పెట్టండి. వచ్చిన ప్రతి జవాబు, రాని జవాబుల లెక్క కూడా, ఈ పత్రికకు పంపండి, మండలం పేరుతో అచ్చువేస్తాం.